ఓబులమ్మ కట్టిన ఐదు రియాళ్ళు

ఒక మనిషికి సాయం చేద్దామని నూటయాభై మంది కూడి, చివరికి ఆ మనిషినే ఐదు రియాళ్ళు బాకీ పడేలా చేసిన సంగతి మీరెక్కడైనా విన్నారా? విని ఉండరు. ఒమాన్ దేశంలో, అల్ సువైక్ ఊళ్ళో, ఒక ఖర్జూరపు తోటలో, ఒక శుక్రవారం సాయంత్రం అది జరిగింది. దానికి శని దృష్టి కారణం కాదు. శని మీద నాకు నమ్మకం లేదు గనక నేరం ఆయన మీదికి తోసే సౌకర్యం కూడా నాకు లేదు. కారణం నేను. ఎవరి ప్రోద్బలమూ లేకుండా, చేతిలో ఒక లావుపాటి పుస్తకంతో, పూర్తి స్పృహలో ఉండి చేశాను.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. అల్ ఖౌద్‌లో కాపురం, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపర్ ఉద్యోగం. డ్యూటీలో సిమెంటు బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి, తీరిక దొరికితే మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. గుంటూరు జిల్లాలో మా నాన్నగారి వెంట సంస్కరణ సభలకు తిరుగుతూ పెరిగినవాణ్ణి కావడంతో వాదన అంటే నాకు ఆవకాయ. అన్నంలోకీ కావాలి, అట్టులోకీ కావాలి. ఏ పంతులుగారైనా "శాస్త్రంలో రాసి ఉంది నాయనా" అంటే చాలు, "రాసినవాడు మనిషి కాదా అండీ? రాసి ఉంటే నిజమైపోతుందా?" అని లంకించుకునేవాణ్ణి. ఈ వాక్యం కాస్త గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో నేను దీనిమీదే జారిపడతాను.

కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని భూమిలో నీళ్ళ జాడ చెబుతానని రైతుల డబ్బు తినే స్వామి ఒకడి మీద నేను ఐదు రంగాల నాటకం రాశాను. స్వామి వేషం రాజన్నది. జగిత్యాల వైపు మనిషి, మా సైట్‌లో మేస్త్రీ. బస్సు మాట్లాడటం, తోట యజమానిని ఒప్పించడం, అనుమతి కాగితాలు తేవడం అన్నీ అతనే. రైతు భార్య వేషం ఓబులమ్మది. కడప జిల్లా నుంచి వచ్చి సువైక్‌లో ఒక ఇంట్లో వంటా పిల్లల పనీ చేసేది. వాళ్ళ నాన్న ఒకప్పుడు నాటకాల వాళ్ళ హార్మోనియం పెట్టె మోసేవాడట. పెట్టెతో పాటు పద్యాలు కూడా మోసుకొచ్చి కూతురికి నేర్పాడు.

నేను రాసిన నాటకంలో పద్యాలు లేవు. హేతువుకు రాగం ఎందుకని నా అభిప్రాయం.

"పద్యం ల్యాకుండా నాటకమేంది సార్, ఉప్పు ల్యాని సంగటి మాదిరి!" అంది ఓబులమ్మ.

సరే అని మూడు పద్యాలు రాశాను. నిజం ఒప్పుకోవాలి గదా, నా సంభాషణలకు జనం ఆవులించేవారు. ఆమె నోరు విప్పితే ఆ ఆవులింతలే ఈలలుగా మారేవి.

షినాస్‌లో మొదటి ప్రదర్శన వేశాం. ఓబులమ్మ పద్యం ఎత్తుకుని సగంలో ఉంది. స్వామి వేషంలో ఉన్న రాజన్న, గడ్డం ఊడిపోతున్నా లెక్కచేయకుండా మైకు లాక్కుని అరిచాడు. "షినాస్ వాస్తవ్యులు, కార్పెంటర్ శ్రీ నర్సయ్య గారు ఓబులమ్మ గారి గొంతుకు మెచ్చి రెండు రియాళ్ళు చదివించినారు!" చప్పట్లు. పద్యం మళ్ళీ మొదటి నుంచి. ఇంతలో మరొకరు. కుర్చీల వాడు కుర్చీల అద్దె చదివించాడు, బస్సు వాడు బస్సు అద్దె చదివించాడు. రెండు గంటల నాటకంలో గంటన్నర పేర్లే. ఆ గంటన్నరా నేను తెర పక్కన నిలబడి పళ్ళు నూరుకున్నాను. మూఢత్వాన్ని ఎండగట్టే వేదిక మీద మొహమాటపు వేలంపాటా!

సరిగ్గా ఆ రోజుల్లోనే అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ పిల్లలకు పాత పుస్తకాలు అమ్మే ఒక దుకాణంలో ఆ లావుపాటి పుస్తకం నా చేతికి తగిలింది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ నాటకశాలలు ఏ రాత్రికారాత్రి డబ్బు లెక్క ఎలా చూసుకునేవో అందులో ఉంది. తలుపు దగ్గర వసూలెంత, కొవ్వొత్తుల ఖర్చెంత, సంగీతం వాళ్ళకెంత, అన్నీ పద్దులే. నటులకు ఏడాదిలో ఒక రాత్రి 'బెనిఫిట్' ఉండేదట. ఆ రాత్రి వసూలులోంచి శాల ఖర్చులు మినహాయించి మిగిలింది ఆ నటుడికి. మూడో అంకం అయ్యాక వచ్చేవాళ్ళకు టికెట్ సగం ధర. అబ్బ, ఎంత శుభ్రమైన లెక్క! చేయి చాపేది లేదు, మైకులో డప్పు లేదు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టే మనిషికి ఇంతకంటే ప్రేమకథ ఏముంటుంది? చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి పోవడమే కాదు, పోయిన మతికి పద్దు కూడా రాసిపెట్టుకున్నాను.

అప్పుడే ఓబులమ్మకు ఇబ్బంది వచ్చింది. వాళ్ళ పాపకు కడపలో నర్సింగు సీటు దొరికింది. సోమవారం లోపల నూటయాభై రియాళ్ళు పంపకపోతే సీటు పోతుంది.

"మేడమ్‌ను అడిగితే ఇస్చాది సార్," అంది. "కాకపోతే ఇంగొక ఏడాది ఉండమంటాది. ఈ ఎండాకాలానికి నా కాంట్రాక్టు అయిపోతాది, ఇంటికి పోదామనుకుంటా ఉండా. తొమ్మిదేండ్లైంది సార్ వచ్చి. మా పాప ఎత్తు ఎంతో ఫోనులో చూసేదే గానీ, పక్కన నిలబెట్టి చూసింది ల్యా."

"మేడమ్‌ను అడగొద్దు," అన్నాను, ఛాతీ విరుచుకుని. "వచ్చే శుక్రవారం సువైక్ ప్రదర్శన నీ బెనిఫిట్."

రాజన్న సంతోషించాడు. నా నిబంధనలు వినేదాకా.

"చదివింపులు బందా? ఎందుకు సార్? పైసలు గక్కడ్నుంచే గద వచ్చేటియి!"

"అది కళాకారిణి చేత ముష్టి ఎత్తించడం రాజన్నా. పైగా ఇచ్చేవాడు కళ కోసం ఇస్తున్నాడా? మైకులో తన పేరు కోసం ఇస్తున్నాడు."

"పేరు కోసమే ఇస్తడు. అయితే ఏమాయె? సైట్‌ల వాని పేరెవడు పిలుస్తడు సార్? నంబరు పిలుస్తరు. ఎన్నడో ఒక్కనాడు మైకుల 'గారు' వెట్టి పిలిస్తే వానికి పానం లేచొస్తది. రెండు రియాళ్ళకు గంత సంబురం ఏ దుకాణంల దొరుకుతది చెప్పు!"

ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నా పెన్ను ఆగుతోంది. ఆ రోజు మాత్రం నా నోరు ఆగలేదు. భూస్వామ్య అవశేషాల గురించి పావుగంట మాట్లాడాను. టికెట్ ఒక రియాల్. ఓవర్‌టైమ్ డ్యూటీ చేసి ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం మూడో రంగం తర్వాత అర రియాల్. ఖర్చులన్నిటికీ బిల్లులు. షినాస్‌కు రెండు వందల నలభై మంది వచ్చారు గనక ఇక్కడా అంతే వస్తారు. రెండు వందల నలభైలో ఖర్చు తొంభై తీసేస్తే సరిగ్గా నూటయాభై! లెక్క ముత్యంలా ఉంది.

"గా లండన్‌ల మన నర్సయ్య అసొంటోళ్ళు ఉన్నరా సార్?" అడిగాడు రాజన్న.

"పుస్తకంలో రాసి ఉంది రాజన్నా!" అన్నాను.

విన్నారుగా. ఇదిగో, ఇక్కడే జారిపడ్డాను. కానీ పడ్డ చప్పుడు నాకు వారం తర్వాత గానీ వినిపించలేదు.

నిబంధనలన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. శుక్రవారం నాలుగు గంటలకు తోట గేటు దగ్గర టికెట్ల పుస్తకం పట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా నిలబడ్డాను. అల్ ఖౌద్ నుంచి మా స్నేహితుల కుటుంబాలు వచ్చాయి. ఇరవై మంది, ఇరవై రియాళ్ళు. తర్వాత షినాస్ నుంచి బస్సు వచ్చింది. ఇంకో రెండు బస్సులు సైట్ల నుంచి వచ్చాయి. దిగారు. దిగినవాళ్ళు దిగినట్టే గేటు ముందు నుంచి మళ్ళి, ఎదురుగా ఉన్న కేరళ వాళ్ళ టీ దుకాణానికి వెళ్ళి బజ్జీలు చెప్పారు.

నేను పరుగెత్తాను. "నర్సయ్యా! లోపలికి రండయ్యా, మొదలైపోతోంది!"

"మీరు కానీయండ్రి సార్. మూడో సీను అయినంక పిలువుండ్రి."

"అది ఆలస్యంగా వచ్చేవాళ్ళకయ్యా!"

"గందుకే ఆలస్యంగ వస్తున్నం సార్."

ఎన్నో సభల్లో ఎందరెందరినో నోరు మూయించినవాణ్ణి, చేతిలో మిరపకాయ బజ్జీ పట్టుకున్న ఒక కార్పెంటర్ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"మరి షినాస్‌లో రెండు రియాళ్ళు ఇచ్చావు గదయ్యా! ఇప్పుడు ఒక రియాల్‌కు బేరమా?"

"గది నేనిచ్చిన సార్. గిది మీరు తీసుకుంటున్నరు. రెండు ఒకటే ఎట్లయితయి?"

లోపల నాటకం మొదలైంది. ఇరవై మంది మనుషులు, రెండు వందల ఖాళీ కుర్చీలు. రాజన్న కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని కళ్ళు తిప్పుతుంటే, నీళ్ళ జాడ కోసం కాక జనం జాడ కోసం వెతుకుతున్నట్టుంది. రెండో రంగంలో ఓబులమ్మ పద్యం. ఆ రోజు ఆమె ఎలా పాడిందో నేను చెప్పలేను. సోమవారం గొంతులో పెట్టుకుని పాడింది. అద్దె మైకులు గనక పద్యం గోడ దాటి, రోడ్డు దాటి, బజ్జీల మూకుడు దాకా వెళ్ళింది. అవతల నుంచి నూట ముప్పై గొంతులు: "వన్స్ మోర్!"

గోడ అవతల నుంచి వన్స్ మోర్ అడిగించుకున్న నాటకం ప్రపంచంలో మాదొక్కటే అయి ఉంటుంది. ఓబులమ్మ ఖాళీ కుర్చీలకు దండం పెట్టి మళ్ళీ పాడింది.

నర్సయ్య పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఐదు రియాళ్ళ నోటు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"సార్, ఇది అమ్మకియ్యాలె."

"చదివింపులు నిషేధం నర్సయ్యా."

"పేరు కూడ చెప్పకుండ్రి. ఊకనే ఇయ్యిండ్రి."

"నియమం అంటే నియమం. కావాలంటే టికెట్ కొను. ఐదు కొను!"

నర్సయ్య నోటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆమెకైతే ఇస్త గని గేటుకెందుకిస్త సార్?" అని వెనక్కి వెళ్ళి, ఆ నోటుతో అందరికీ టీలు తాగించాడు. ఆ సాయంత్రం బెనిఫిట్ జరిగింది టీ దుకాణానికే.

మూడో రంగం ముగిసిన మరుక్షణం నూట ముప్పై మందీ అర రియాళ్ళు పట్టుకుని వరసగా లోపలికి వచ్చారు. కథ మొదలు తెలియక, రైతు ఎవరో స్వామి ఎవరో పక్కవాణ్ణి అడుగుతూ కూర్చున్నారు. నా లెక్క ప్రకారం రావలసిన మిగతా తొంభై మంది అసలు రానేలేదు. పేర్లు పిలవని నాటకానికి ఎందుకని గదుల్లో పడుకున్నారట.

నాటకం అయింది. ఇప్పుడు నా ఘట్టం. పారదర్శకత కోసమని మైకు అందుకుని, స్టేజీ మీది నుంచే లెక్క చదివాను.

"పూర్తి టికెట్లు ఇరవై, సగం టికెట్లు నూట ముప్పై. మొత్తం వసూలు ఎనభై ఐదు రియాళ్ళు. ఖర్చులు: బస్సులు ముప్పై ఐదు, కుర్చీలు షామియానా ముప్పై, మైకు లైట్లు ఇరవై ఐదు. మొత్తం తొంభై."

కుర్చీలవాణ్ణి అంతకు ముందే అడిగాను, షినాస్‌లో అద్దె తీసుకోలేదు గదా అని. "గప్పుడు మైకుల నా పేరు చెప్పిండ్రు సార్. ఇప్పుడు బిల్లు అడిగిండ్రు. బిల్లు ఇచ్చిన," అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. బిల్లు మీద సంతకం కూడా పెట్టాడు, నేను చెప్పినట్టే.

"లోటు ఐదు రియాళ్ళు," అని చదివి ఆగాను.

ఓబులమ్మ రైతు భార్య వేషంలోనే దగ్గరికి వచ్చింది. "లోటు అంటే ఏంది సార్? నాకు వచ్చేది ఐదా?"

"కాదమ్మా... తగ్గింది ఐదు."

"తగ్గింది ఎవరు కట్టల్ల?"

ఇక్కడ ఏ మనిషైనా "నేను" అంటాడు. గాడిదకు మాటలొస్తే గాడిద కూడా "నేను" అంటుంది. కానీ పుస్తకంలో ఏముంది? బెనిఫిట్ రాత్రి వసూలు ఖర్చులకు చాలకపోతే ఆ తేడా నటుడే భరించాలని ఉంది. నా నోరు, నా అనుమతి లేకుండా, "నియమం ప్రకారమైతే... ఎవరి బెనిఫిట్ అయితే వాళ్ళు..." అనేసింది.

ఆమె కొంగు ముడి విప్పింది. నాలుగు మడతలు పెట్టిన ఐదు రియాళ్ళ నోటు తీసి నా ముందు పెట్టింది. "అప్పు ఉంచుకోకూడదు సార్," అంది.

నేను రసీదు రాసిచ్చాను.

అవును, రాసిచ్చాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టంటారు. నేను ఊడిన నాలుకకు రసీదు కూడా ఇచ్చినవాణ్ణి. బయట మేడమ్ గారి డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె రసీదు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

రాజన్న గడ్డం పీకి జేబులో పెట్టుకున్నాడు. "మీ లెక్క ఖలాస్ అయిందా సార్? ఇగ మా లెక్క మొదలువెడుత."

మూడు బస్సులూ ఎక్కుతున్నవాళ్ళను ఆపాడు. మైకు అద్దె గడువు అయిపోయింది. రాజన్న గొంతుకు అద్దె లేదు. నాటకంలో పగలగొట్టిన కొబ్బరికాయ చిప్ప చేతిలో పట్టుకుని బస్సు మెట్టెక్కి నిలబడ్డాడు. నర్సయ్య జేబులోంచి ఇంకో నోటు తీశాడు. "షినాస్ వాస్తవ్యులు శ్రీ నర్సయ్య గారు, ఓబులమ్మ గారి బిడ్డ చదువుకు, ఐదు రియాళ్ళు!" ఆ తర్వాత అతనికి ఊపిరి పీల్చుకునే తీరిక దొరకలేదు. అర రియాల్ కోసం మూడు రంగాలు బయట నిలబడ్డవాళ్ళలో నలభై మంది రెండేసి, మూడేసి వేశారు. బస్సువాడు తన ముప్పై ఐదూ తిరిగి వేశాడు. ఏ కొబ్బరికాయ ఏ జాడా కనిపెట్టలేదని ఐదు రంగాల్లో రుజువు చేశానో, ఆ చిప్పలోనే నూట నలభై రెండు రియాళ్ళు తేలాయి.

నేను తలవంచుకుని ఒక ఇరవై చిప్పలో వేయబోయాను. రాజన్న చిప్ప వెనక్కి లాక్కున్నాడు.

"పేరు పిలవంది తీసుకోను సార్."

"వద్దు రాజన్నా."

"అయితే పైసలు వద్దు."

ఒప్పుకున్నాను. "అల్ ఖౌద్ వాస్తవ్యులు, మన రచయిత శ్రీ కోటేశ్వరరావు గారు, ఇరవై రియాళ్ళు చదివించినారు!" మూడు బస్సుల కిటికీల్లోంచి చప్పట్లు. నా ఒళ్ళు జలదరించింది. సిగ్గుతో అని రాద్దామనుకున్నాను గానీ, ఇంత దూరం వచ్చాక అబద్ధం ఎందుకు? ఆనందంతో. అన్నేళ్ళు వ్యాసాలు రాసినా, నా పేరు అంత గట్టిగా, అంత మంది మధ్య ఎవరూ పిలవలేదు.

ఆ రాత్రి ఓబులమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. శనివారం పొద్దున్నే నూట అరవై రెండు రియాళ్ళు కవరులో పెట్టుకుని, నేనూ రాజన్నా సువైక్ వెళ్ళాం. ఆమె చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. కవరు చూసి చేతులు మళ్ళీ తుడుచుకుంది.

"రాత్రి ఇంటికి రాంగానే మేడమ్‌ను అడిగినా సార్. నాటకంలో ఏం రాలేదు గదా అని. ఆయమ్మ ఒక్క మాట అనకుండా నూటయాభై ఇచ్చింది. ఇంగొక ఏడాదికి సంతకం పెట్టినా. తెల్లారి పాపకు డబ్బు పంపిచ్చినారు."

"వాపస్ ఇచ్చేద్దాం అక్కా!" అన్నాడు రాజన్న. "పైసలు గివిగో!"

"మాటిచ్చినా గదన్నా. అడగంగానే ఇచ్చిన మనిషి. రాత్రి తీసుకుని పొద్దన్నే నాకొద్దు, నేను పోతానంటే బాగుంటాదా?"

ఎంత వాదించినా వినలేదు. వాదించింది రాజన్నే. వాదనలో పండిపోయిన నేను గోడకు ఆనుకుని నా చెప్పులు చూసుకుంటున్నాను. కవరు తీసుకుంది, పాప హాస్టలుకూ పుస్తకాలకూ అవుతాదని. చివరికి నేను జేబులోంచి ఐదు రియాళ్ళు తీసి, "ఇది నీది ఓబులమ్మా," అన్నాను.

"అది లెక్కలో కలిసింది గద సార్. రసీదు కూడా ఇచ్చినారు." కొంగు తడుముకుంది. "దాపెట్టుకున్నా. ఈ దేశంలో తొమ్మిదేండ్లు ఉంటే నా పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చిన కాగితం మీరిచ్చిందొకటే సార్. మా పాపకు చూపియ్యల్ల, వాళ్ళమ్మ నాటకం ఆడినాదని."

ఆమె వెటకారంగా అనలేదు. అని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

ఆ ఏడాదంతా నెలకోసారి రిహార్సల్‌లో ఆమె కనిపించేది. ఎండాకాలం వచ్చినప్పుడు, ఆ ఎండాకాలం పోయినప్పుడు కూడా నా నాటకంలోనే ఉంది. పద్యం పాడుతుంటే జనం చదివిస్తూనే ఉన్నారు. నేను ఒక్కసారి కూడా ఆపలేదు. ఒక మనిషి ఏడాదికి ఏ పద్దు కింద ఎంత రాయాలో మాత్రం ఆ లావుపాటి పుస్తకంలో ఎంత వెతికినా దొరకలేదు.

కనుక, చదువరులారా, దేవుడి మీద ఒట్టు పెట్టుకునే అలవాటు లేనివాణ్ణి గనక, నర్సయ్య చేతిలోని ఆ మిరపకాయ బజ్జీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ శతాబ్దపు పుస్తకం ఎంత లావుగా ఉన్నా, గేటు బయట నిలబడ్డ మనిషిని అడగకుండా దాని మాట వినను. ఓటమి రుచి చూసిన ఈ నోటితో "రాసి ఉంది" అని ఇక అనను. ఎక్కడ తెలుగు నాటకం ఆడినా మొదటి రంగానికే వెళ్ళి, మొదటి వరసలో కూర్చుని, మొదటి పద్యానికే ఐదు రియాళ్ళు చదివిస్తాను. రసీదు మాత్రం అడగను. ఎవరికీ ఇవ్వను.